పాఠం 17 : నేలమాళిగలో నింపిన క్యాసెట్లు

17.0 ఉపోద్ఘాతం

ఒకప్పుడు చాలా ఇళ్ళలో క్యాసెట్ టేప్‌రికార్డరు ఉండేది. మీ ఇంట్లో కూడా ఉండి ఉండవచ్చు. రెండు మీటలు కలిపి నొక్కితే చాలు, ఎదురుగా ఎవరు ఏం మాట్లాడినా అది టేపు మీదికి ఎక్కేది. దూరదేశాలకు పనికి వెళ్ళినవారికి ఇంటివాళ్ళు ఉత్తరానికి బదులు మాటలు నింపిన క్యాసెట్టు పంపిన రోజులు ఉన్నాయి. అమ్మ మాటల వెనుక గిన్నెల చప్పుడు, పిల్లవాడి ఏడుపు, వీధిలో పోయే లారీ హారను కూడా అందులో పడేవి. వినేవారు ఆ చప్పుళ్ళకు విసుక్కునేవారు కాదు. వాటి కోసమే టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వినేవారూ ఉండేవారు.

సరిగ్గా అలాంటి యంత్రంతో అమెరికాలో ఒక యువకుడు పాటల ఆల్బములే తయారు చేశాడు. అతని పేరు డేనియల్ జాన్‌స్టన్. బృందం లేదు, స్టూడియో లేదు, డబ్బు లేదు. ఆ పాటలు తర్వాత ప్రపంచంలో చాలా చోట్లకు వెళ్ళాయి. వాటి కథే ఈ పాఠం.

ఈ పాఠం చదివిన తర్వాత మీరు "లో-ఫై" అనే మాటకు అర్థం చెప్పగలుగుతారు. చవక యంత్రం పాటను ఏ విధంగా మారుస్తుందో వివరించగలుగుతారు. ఈ పాటలను జనం ఎందుకు ఇష్టపడ్డారో మీ సొంత మాటల్లో రాయగలుగుతారు. ఈ చివరి దానికి ఒకే ఒక్క సరైన జవాబు లేదని ముందే గుర్తుంచుకోండి.

17.1 రెండు మాటలు

"హై-ఫై" అనే మాట మనకు కొత్తది కాదు. ఖరీదైన బట్టలు వేసుకున్నవాణ్ణి చూసి "వాడు హై-ఫై" అంటాం. అసలు ఆ మాట పుట్టింది సంగీతయంత్రాల దగ్గర. పాడినది పాడినట్టుగా, ఏ మార్పూ లేకుండా తిరిగి వినిపించే యంత్రాన్ని హై-ఫై యంత్రం అన్నారు. అందులోని "ఫై" అంటే అసలుకు నమ్మకంగా ఉండటం. అటువంటి యంత్రాలు ఖరీదైనవి కాబట్టి ఆ మాట మెల్లగా డాబుకు గుర్తు అయింది.

దానికి వ్యతిరేకం "లో-ఫై". రొద, గరగర, మూగబోయిన గొంతు, అన్నీ ఉన్న రికార్డింగు అన్నమాట. మొదట ఇది తిట్టు. 1980ల తర్వాత కొందరు గాయకులు, శ్రోతలు దీన్ని ఒక శైలికి పేరుగా వాడటం మొదలుపెట్టారు. పెద్ద కంపెనీలతో సంబంధం లేకుండా, సొంతంగానో చిన్న సంస్థల ద్వారానో వెలువడే రాక్ సంగీతాన్ని "ఇండీ రాక్" అంటారు. ఇంట్లో ఒక్కడే కూర్చుని నింపిన లో-ఫై పాటలకు ఆ ఇండీ రాక్‌లో ప్రత్యేక స్థానం ఉంది. ఆ స్థానాన్ని ఏర్పరచిన వారిలో డేనియల్ ముఖ్యుడు.

17.2 ఇల్లు

డేనియల్ 1961 జనవరి 22న కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటోలో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో చివరివాడు. పెరిగింది మాత్రం వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని న్యూ కంబర్లాండ్ అనే చిన్న ఊళ్ళో. ఇంట్లో దైవభక్తి ఎక్కువ. తండ్రి ఒకప్పుడు సైన్యంలో విమానాలు నడిపినవాడు. చిన్నప్పటి నుంచి డేనియల్ బొమ్మలు గీసేవాడు, పియానో వాయించేవాడు, బీటిల్స్ పాటలంటే ప్రాణం పెట్టేవాడు.

చదువు సాఫీగా సాగలేదు. టెక్సస్‌లో ఒక కళాశాలలో చేరాడు, అక్కడ నిలవలేక ఇంటికి తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఇంటికి దగ్గరలోని ఈస్ట్ లివర్‌పూల్‌లో కెంట్ స్టేట్ యూనివర్సిటీ శాఖలో చిత్రకళ చదివాడు. అక్కడ తోటి విద్యార్థిని ఒకామెను ప్రేమించాడు. ఆమె మరొకరిని పెళ్ళి చేసుకుంది. తర్వాత దాదాపు జీవితమంతా అతను రాసిన పాటల్లో ఆమె కనిపిస్తూనే ఉంటుంది.

కొడుకు ఉద్యోగం చూసుకోడు, ఎప్పుడూ పియానో ముందు కూర్చుంటాడు అని ఇంట్లో బెంగ. ఆ బెంగ మనకు అర్థం కానిది కాదు. ఆ పియానో ఉన్నది ఇంటి కింద నేలమాళిగలో. 1980ల మొదట్లో డేనియల్ అక్కడే తన తొలి పాటలు నింపాడు. ఆ క్యాసెట్టు పేరు "సాంగ్స్ ఆఫ్ పెయిన్", అంటే బాధల పాటలు. యంత్రం 59 డాలర్ల సాన్యో టేప్‌రికార్డరు. తొలినాటి టేపుల్లో పాటల మధ్య తల్లి అతన్ని కోప్పడుతున్న మాటలు కూడా ఉన్నాయి. వాటిని అతను తుడిచివేయలేదు. కావాలనే ఉంచాడు. పాట ఎక్కడ, ఎవరి మాటల మధ్య పుట్టిందో శ్రోతకు వేరే చెప్పనవసరం లేకపోయింది.

ఆగి ఆలోచించండి: తల్లి కోపాన్ని తన క్యాసెట్టులో ఉంచడం మీకు సబబుగా అనిపించిందా? ఆమె వైపు నుంచి కూడా ఆలోచించి రెండు వాక్యాలు రాయండి.

17.3 యంత్రం ఏం చేస్తుంది

ఇప్పుడు కాసేపు పాటను పక్కనపెట్టి యంత్రం సంగతి చూద్దాం. ఇది తెలియకపోతే మిగతా పాఠం సగమే అర్థమవుతుంది.

టేపు అంటే సన్నని ప్లాస్టిక్ పట్టీ. దాని మీద ఇనుప ఆక్సైడు పొడి పూత ఉంటుంది. (తుప్పుకు ఇది దగ్గరి బంధువే. పాత క్యాసెట్టు టేపుకు ఆ గోధుమరంగు అందుకే.) మైకు శబ్దాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు టేపును తాకే చిన్న అయస్కాంతం గుండా పోతుంది. దాని ముందు నుంచి టేపు కదులుతూ ఉంటే ఆ పొడి రేణువులు శబ్దాన్ని బట్టి అయస్కాంతాలుగా మారి అలాగే నిలిచిపోతాయి. అయితే ఏ పాటా లేనప్పుడు కూడా ఆ రేణువుల్లో ఒక క్రమం లేని అయస్కాంతత్వం కొంత ఉంటుంది. అదే మనకు "సుయ్" మని వినిపించే రొద.

రొద తగ్గాలంటే రెండు మార్గాలు. టేపు వెడల్పుగా ఉండాలి, వేగంగా పోవాలి. ఆ రోజుల్లో పెద్ద స్టూడియోల్లో 24 ట్రాకుల టేపు 5 సెంటీమీటర్ల వెడల్పు ఉండేది, సెకనుకు 38 లేదా 76 సెంటీమీటర్లు పరుగెత్తేది. క్యాసెట్టు టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులోనూ ఒక వైపుకు సగమే. వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. స్టూడియో టేపు దీనికంటే 8 నుంచి 16 రెట్లు వేగం. ఇక రొద ఎందుకు రాదు?

ఇంకొక సంగతి ఉంది. చవక టేప్‌రికార్డర్లలో చాలావాటికి శబ్దాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటు ఉంటుంది. శబ్దం గట్టిగా వస్తే యంత్రం తగ్గిస్తుంది, మెల్లగా వస్తే పెంచుతుంది. మాటలకు ఇది మంచిదే. పాటకు వచ్చేసరికి చిక్కు. పియానో గట్టిగా మోగగానే గొంతు కూడా వెనక్కి వెళ్ళిపోతుంది. పాట ఆగిన క్షణంలో గదిలోని నిశ్శబ్దమే పెద్దదై ముందుకు వస్తుంది, రొద ఉబుకుతుంది. అంటే యంత్రం కూడా పాటతోపాటు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంటుంది. డేనియల్ పాటలు వినేవారికి "ఇతను పక్కగదిలో ఉన్నాడు" అనిపించడానికి ఇలాంటివే కారణాలు. అది మాయ కాదు, మైకు గాయకుడి నోటి దగ్గర కాక గదిలో ఎక్కడో ఉండటం వల్ల గది కూడా పాటలో చేరడం.

అతని యంత్రం మోనో. ఎడమ కుడి అనే తేడా లేదు, ఒకటే దారి. ముందు పియానో నింపి తర్వాత దాని మీద గొంతు కలిపే వీలు లేదు. కాబట్టి ఎక్కువ పాటలు ఒకే ఊపులో, వాయిస్తూ పాడినవి. తప్పు వస్తే మళ్ళీ మొదటి నుంచి పాడాలి, లేదా ఆ తప్పుతోనే ఉంచాలి. మన సినిమాపాటలు కూడా ఒకప్పుడు గాయకులు, వాద్యబృందం అంతా ఒకేసారి కూర్చుని రికార్డు చేసినవే. ఒక్క వయొలిన్ తప్పినా మళ్ళీ మొదటికే. తేడా ఏమిటంటే రికార్డింగ్ థియేటర్లో "మళ్ళీ చేద్దాం" అనడానికి ఒక మనిషి ఉంటాడు. నేలమాళిగలో ఎవరూ లేరు.

17.4 నకలు తీయని క్యాసెట్టు

ఈ కథలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఈ భాగమే. క్యాసెట్టు నకలు తీయాలంటే రెండు యంత్రాలు కావాలి, ఒకటి వినిపించడానికి, మరొకటి ఎక్కించుకోవడానికి. డేనియల్ దగ్గర రెండోది లేదు. ఎవరైనా అతని పాటలు అడిగితే ఏం చేసేవాడు? కొత్త క్యాసెట్టు పెట్టి ఆల్బం మొత్తం మొదటి నుంచి మళ్ళీ పాడేవాడు.

లెక్క వేయండి. క్యాసెట్టు నిడివి 60 నిమిషాలు అనుకుందాం. పదిమంది అడిగితే కనీసం పది గంటలు పాడాలి. మధ్యలో గొంతు పట్టేస్తే, ఎవరైనా తలుపు తడితే అది వేరు. ఇంత శ్రమ తర్వాత కూడా చేతిలో ఉండేది పది నకళ్ళు కాదు, పది వేరు వేరు క్యాసెట్లు. ఒకరికి ఇచ్చిన దానిలో ఒక పాట నిదానంగా ఉంటుంది, మరొకరి దానిలో అదే పాట తొందరగా సాగుతుంది. ఎవరి క్యాసెట్టు వారిదే. మనం రికార్డింగు అంటే ఒకసారి పాడి వేలసార్లు వినిపించడం అనుకుంటాం. ఇక్కడ అది తిరగబడింది. ఉత్తరం రాసినట్టు, ఒక్కొక్కరికీ విడిగా పాడాడు.

ఇది ఆదర్శమని చెప్పడం లేదు. రెండో యంత్రం ఉంటే అతను నకళ్ళే తీసేవాడు. తర్వాతి కాలంలో ఆ క్యాసెట్లను ఇతరులు నకలు తీసి అమ్మారు కూడా. లేమి వల్ల చేసిన పనిని వ్రతంలా పొగడటం తేలిక, దాన్ని చేసినవాడి గొంతునొప్పి మనకు తెలియదు.

ఆగి ఆలోచించండి: నకలు నుంచి మళ్ళీ నకలు తీస్తూ పోతే రొద ఎందుకు పెరుగుతుంది? 17.3లో చదివినదాన్ని బట్టి మూడు వాక్యాల్లో చెప్పండి.

17.5 ఆస్టిన్ వీధులు

1983లో డేనియల్ టెక్సస్ వచ్చాడు. హ్యూస్టన్‌లో అన్న ఇంటి గరాజులో "యిప్ జంప్ మ్యూజిక్" అనే క్యాసెట్టు నింపాడు. ఇక్కడ పియానో లేదు. పిల్లల ఆటవస్తువులాంటి చిన్న ఆర్గాన్ ఉంది. మీట నొక్కితే మూడు నాలుగు స్వరాలు కలిసి పలుకుతాయి. హార్మోనియంలాగే లోపల గాలితో మోగే రీడ్లు, కాని బెల్లోసు బదులు ఫ్యాను. ఆ ఏడాదే "హాయ్, హౌ ఆర్ యూ" వచ్చింది. దాన్ని నింపుతున్నప్పుడే అతని మనసు తీవ్రంగా దెబ్బతిన్నది. అట్ట మీద "అసంపూర్తి ఆల్బం" అని రాసుకున్నాడు. బొమ్మ కూడా తనే గీశాడు, పొడుచుకువచ్చిన కళ్ళతో కప్పలాంటి ప్రాణి.

ఆ తర్వాత ఊరూరా తిరిగే ఒక ఎగ్జిబిషన్ బృందంతో వెళ్ళిపోయి, చివరికి ఆస్టిన్ నగరంలో తేలాడు. మెక్‌డొనాల్డ్స్‌లో బల్లలు తుడిచే పనిలో చేరాడు. వీధిలో కలిసినవారికి, పాట పాడేవారికి, పత్రికల్లో రాసేవారికి క్యాసెట్టు చేతిలో పెట్టి వెళ్ళేవాడు. 1985లో ఎం టీవీ వాళ్ళు ఆస్టిన్ సంగీతం మీద కార్యక్రమం తీయడానికి వచ్చారు. డేనియల్ అందులోకి చొరబడి పాడాడు. కెమెరాకు తన క్యాసెట్టు ఎత్తి చూపాడు. బల్లలు తుడిచే మనిషి దేశమంతటికీ కనిపించాడు.

1992లో నిర్వానా బృందం గాయకుడు కర్ట్ కోబేన్ ఆ కప్ప బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని ఎం టీవీ పురస్కారాల సభకు వచ్చాడు. దాంతో పెద్ద కంపెనీలు డేనియల్ కోసం పోటీపడ్డాయి. ఆ సమయానికి అతను మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు.

17.6 మంచి స్టూడియో ఇస్తే?

1994లో అట్లాంటిక్ సంస్థ అతనితో "ఫన్" అనే ఆల్బం విడుదల చేసింది. ఈసారి మంచి యంత్రాలు, వాద్యాలు, నిర్మాత, అన్నీ ఉన్నాయి. అమ్మకాలు లేవు. 1996లో సంస్థ ఒప్పందం వదులుకుంది. దీన్ని చూపి "రొద పోతే అందం పోయింది" అంటారు కొందరు.

తొందరపడవద్దు. పక్కన మరో ఉదాహరణ పెట్టి చూద్దాం. 1982 జనవరిలో అప్పటికే పేరున్న గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో అద్దె ఇంటి పడకగదిలో కూర్చుని కొన్ని పాటలు నింపాడు. యంత్రం టియాక్ కంపెనీ పోర్టాస్టూడియో. 1979లో వచ్చిన ఈ యంత్రం మామూలు క్యాసెట్టు మీదే నాలుగు ట్రాకులు విడివిడిగా నింపేది, ముందు గిటారు, తర్వాత గొంతు, ఆపైన మరొకటి. అతను నింపినది బృందానికి నేర్పడానికే. తర్వాత బృందంతో స్టూడియోలో అవే పాటలు ప్రయత్నించాడు. అతనికి నచ్చలేదు. జేబులో పెట్టుకుని తిరిగిన ఆ క్యాసెట్టునే చివరకు "నెబ్రాస్కా" పేరుతో విడుదల చేశాడు. అంత బలహీనమైన రికార్డింగును గ్రామఫోను రికార్డుగా మలచడానికి ఇంజనీర్లు నానాపాట్లు పడ్డారు. బృందంతో చేసిన ప్రయత్నాల్లో కొన్ని 2025లో వెలువడ్డాయి, కావలసినవారు పోల్చి చూసుకోవచ్చు.

ఇద్దరికీ తేడా గమనించారా? స్ప్రింగ్‌స్టీన్‌కు స్టూడియో తలుపు తెరిచే ఉంది. వెళ్ళి చూసి, వెనక్కి వచ్చి క్యాసెట్టును ఎంచుకున్నాడు. డేనియల్‌కు ఎంచుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరి పాటలనూ "లో-ఫై" అనే ఒక్క మాటతో పిలుస్తారు, కాని ఒకటి నిర్ణయం, మరొకటి పరిస్థితి.

ఇప్పుడు మూడో సాక్ష్యం. 2004లో టామ్ వేట్స్, బెక్ వంటి పేరున్న గాయకులు డేనియల్ పాటలను తమ పద్ధతిలో పాడగా ఒక సంకలనం వచ్చింది. దానితోపాటే డేనియల్ పాడిన అసలు పాటలు మరో డిస్కులో ఇచ్చారు. ఇతరుల గొంతుల్లో, వేరే వాద్యాలతో కూడా ఆ పాటలు నిలబడ్డాయి. రొద ఒక్కటే వాటి బలం అయితే అలా జరగదు. కాబట్టి నా అభిప్రాయం ఇది: ముందు పాట కట్టుబడి బలంగా ఉంది. యంత్రం ఎంత చవకదైనా దాన్ని చెడగొట్టలేకపోయింది. చవక యంత్రం అదనంగా ఇచ్చింది దగ్గరితనం. "ఫన్"లో ఆ దగ్గరితనం తగ్గి ఉండవచ్చు, కాని అప్పటి అతని ఆరోగ్యం కూడా లెక్కలోకి రావాలి. మీరు దీనితో ఏకీభవించకపోవచ్చు.

17.7 జబ్బు గురించి ఒక మాట

డేనియల్‌కు చిన్న వయసు నుంచే తీవ్రమైన మానసిక వ్యాధి ఉంది. ఒక దశలో ఉత్సాహం అదుపు తప్పేది, మరో దశలో లోతైన కుంగుబాటు. 1990లో ఆస్టిన్‌లో పాడి తిరిగి వస్తుండగా, తండ్రి నడుపుతున్న చిన్న విమానంలో తాళంచెవి తీసి బయటికి విసిరేశాడు. తండ్రి పాత అనుభవంతో విమానాన్ని చెట్ల మీదికి దించాడు. ఇద్దరూ బతికారు. కొడుకును ఆసుపత్రిలో చేర్చారు.

ఇటువంటి సంఘటనలు చెప్పి "పిచ్చిలోనే ప్రతిభ" అనేవారు ఉంటారు. ఆ మాట వినడానికి బాగుంటుంది, నిజానికి దూరం. జబ్బు ముదిరిన నెలల్లో అతను పని చేయలేకపోయాడు. మందులు, ఆసుపత్రి, వృద్ధులైన తల్లిదండ్రుల సంరక్షణ ఉన్న కాలంలోనే టెక్సస్‌లోని వాలర్‌లో వారి దగ్గర ఉంటూ మళ్ళీ పాడాడు, బొమ్మలు గీశాడు, విదేశాలకు వెళ్ళి కచేరీలు చేశాడు. ఒకప్పుడు ఏ కొడుకు గురించి బెంగపడ్డారో ఆ కొడుకునే వారు దశాబ్దాల తరబడి చూసుకున్నారు. 2005లో అతని జీవితం మీద వచ్చిన "ది డెవిల్ అండ్ డేనియల్ జాన్‌స్టన్" అనే డాక్యుమెంటరీలో ఆ తల్లిదండ్రుల ముఖాలు చూస్తే, 17.2లోని నేలమాళిగ మరోలా గుర్తుకొస్తుంది.

1993లో ఆస్టిన్‌లో ఒక రికార్డుల దుకాణం గోడ మీద డేనియల్ తన కప్పను పెద్దగా గీశాడు. దుకాణం మూతపడ్డాక 2004లో ఆ గోడను కొట్టివేయబోతే ఊరివాళ్ళు అడ్డుపడి ఆపించారు. 2018లో అదే నగరంలో మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడే ఒక సంస్థ అతని క్యాసెట్టు పేరుతోనే ఏర్పడింది. డేనియల్ 2019 సెప్టెంబరులో వాలర్‌లో మరణించాడు. అప్పటికి వయసు 58.

మీరే చేసి చూడండి

ఈ రోజు మీ చేతిలో ఉన్న ఫోను, 1980 నాటి ఆ 59 డాలర్ల యంత్రం కంటే ఎన్నో రెట్లు మంచి రికార్డరు. మీకు వచ్చిన ఏదైనా పాట, జోలపాట అయినా సరే, తలుపులు మూసిన గదిలో ఒకసారి నింపండి. మరునాడు ఇంట్లో అందరూ తిరుగుతుండగా, వంటగది దగ్గర కూర్చుని అదే పాట మళ్ళీ నింపండి. ఆపకుండా, సరిదిద్దకుండా పాడాలి. వారం రోజుల తర్వాత రెండూ వినండి. దూరంగా ఉన్న మీ మనిషి ఒకరికి ఏదో ఒకటే పంపాలంటే ఏది పంపుతారు? ఎందుకో ఎనిమిది వాక్యాలకు మించకుండా రాసి, తర్వాతి తరగతికి తీసుకురండి. రికార్డింగు తేనవసరం లేదు.